ముందు చక్రం విప్పకు

మొదటి ట్యాంకు,
మార్చి 3.

చిన్నన్నయ్యకు,

చేరాను. ఒళ్ళు హూనమైంది, ముఖం మాడిపోయింది, మిగతాదంతా క్షేమం. నువ్వు కట్టిన చక్రాలు నిక్షేపంగా తిరుగుతున్నాయి. నిక్షేపంగా లేనిది క్యారియర్ మీద నువ్వు కట్టి పంపిన మూడో చక్రమే. దాన్ని వీపు వెనక మోసుకుపోతుంటే యుద్ధానికి వెళ్తున్నట్టుంది. ప్రపంచంలో ఎవరైనా పంక్చర్ పడుతుందని ఏకంగా స్పేరు చక్రం మోస్తారా? పైగా సైకిల్ కొట్టు వాళ్ళ ఆడపిల్లని. పంక్చర్ వెయ్యడం నాకు అక్షరాల కంటే ముందు వచ్చింది.

ఇక్కడ ఊరు లేదు. రోడ్డు పనివాళ్ళ కోసం కట్టిన నీళ్ళ ట్యాంకు, దాని పక్కన ఒక కాపలా మనిషి, అంతే. ఇలాంటివి పన్నెండు ఉన్నాయట, డెబ్బై కిలోమీటర్లకొకటి. మధ్యలో ఇసుకా రాళ్ళూ తప్ప ఏమీ లేవు. ఫోనుకు సిగ్నల్ నిన్ననే పోయింది. నీళ్ళ లారీ వారానికి రెండుసార్లు వస్తుంది. డ్రైవర్ మీసాలు అచ్చం రేసు సైకిల్ హ్యాండిల్‌లా కిందికి వంగి ఉన్నాయి, అందుకని మీసాలాయన అని పేరు పెట్టేశాను. నా ఉత్తరాలు పట్నంలో పోస్టు చేస్తాడట, నువ్వు రాసినవి ముందున్న ట్యాంకులకు చేరవేస్తాడట. ఒకే ఇంట్లో ఉండి వారానికి పది మాటలు మాట్లాడుకోని మనం ఉత్తరాలు రాసుకోబోతున్నాం. వదిన నవ్వుతుంది చూడు.

గాలి సంగతి నువ్వు చెప్పింది నిజమే. పడమర నుంచి సూటిగా ముఖం మీదికే కొడుతుంది. గంటకు ఏడు కిలోమీటర్లు పోతే గొప్ప. తెల్లారగానే బయల్దేరి పదింటికల్లా రోడ్డు కింద తూములో దూరుతున్నాను. నాలుగింటికి మళ్ళీ బయటికి. తూములో కూచుంటే పైన గాలి కేకలేస్తున్నట్టే ఉంటుంది.

నామీద కోపం తగ్గిందా? నేను సాహసం కోసం రాలేదని నీకు తెలుసు. అమ్మ పోయే ముందు నెల రోజులూ ఒకటే మాట. "వాడు పడుకున్న ఆ మంచం ఎలా ఉంటుందో, ఆ నీలం తలుపు గది ఎలా ఉంటుందో, ఒక్కసారి చూస్తే బాగుణ్ణు" అని. ఎనిమిదో ట్యాంకు దగ్గర పెద్దన్నయ్య జ్వరంతో నీ ఒళ్ళో తల పెట్టుకుని పోయాడని, పోతూ పోతూ "చెల్లిని చదివించు" అన్నాడని నువ్వు చెప్పిన కథ మన ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ఒక్క మాట పట్టుకునే చదివాను. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ గదికి వెళ్ళి, చదివాను అన్నయ్యా అని చెప్పి వస్తాను. తిట్టకు.

వదినకి దగ్గు తగ్గిందా?

నీ పిచ్చుక

*

కొట్టు,
మార్చి 8.

పిచ్చుకకు,

ఉత్తరం అందింది. మీ వదిన దగ్గు అలాగే ఉంది, మందు చూస్తే చాలు, వేపరసం తాగినంత చేదుగా ముఖం పెడుతుంది. పెన్షన్ మాస్టారు మళ్ళీ వచ్చాడు. పెడల్ కిర్రుమంటోందట. పెడల్ కాదు మాస్టారూ, మీ మోకాలు అంటే అలిగి వెళ్ళిపోయాడు.

పని మాట రాస్తాను. చైనుకు నూనె పొయ్యకు, ఇసుక పడితే గంధం అరగదీసినట్టు అరుగుతుంది. పొడిగుడ్డతో తుడువు చాలు. వెనక టైరులో గాలి మధ్యాహ్నం కొంచెం తగ్గించు. నీళ్ళు దాహమేసినప్పుడు కాదు, గంటకోసారి తాగు.

ముందు చక్రం విప్పకు. ఇది గుర్తు పెట్టుకో. అది పంక్చరైతే టైరు ఊడదియ్యకు, స్పేరు చక్రం మొత్తంగా మార్చెయ్. పాతది అలాగే కట్టుకుని రా. ఎందుకని అడక్కు. బెండు తియ్యడానికి మూడు రోజులు పట్టింది, నువ్వు విప్పితే మళ్ళీ కుదరదు.

ఇంకో మాట. ఆరో ట్యాంకు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమ చేతి దారి సముద్రం వైపు దిగుతుంది. గాలి పక్కనుంచి వస్తుంది, తొక్కడం సులువు. అటు పో. ఎనిమిదో ట్యాంకులో చూడ్డానికి ఏమీ లేదు. ఆ గది ఈపాటికి పడిపోయి ఉంటుంది. అమ్మ ఉంటే నేనే నచ్చజెప్పేవాణ్ణి.

అటు పో అమ్మా.

చిన్నన్నయ్య

*

నాలుగో ట్యాంకు,
మార్చి 10.

చిన్నన్నయ్యకు,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. మీసాలాయన రేపు వస్తాడట. ఈలోగా నీకో వింత చెప్పాలి.

మూడో ట్యాంకు దాటాక గాలి మరీ ముదిరింది. తల వంచుకుని ముందు చక్రం కేసి చూస్తూ తొక్కుతున్నాను. ఉన్నట్టుండి గాలి ఆగింది. ఆగిందంటే అంతటా కాదు. రోడ్డు పక్కన ఇసుక అలాగే లేస్తోంది, నా ముఖం మీద మాత్రం లేదు. సైకిల్ దానంతటదే పోతున్నట్టుంది. నువ్వు చిన్నప్పుడు నన్ను వెనక పెట్టుకుని నీ వీపు చాటున తీసుకెళ్ళేవాడివే, అచ్చం అలా. కాసేపటికి మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఆగింది.

నా సంగతి తెలుసుగా. పదేళ్ళుగా ల్యాబులో రక్తకణాలు లెక్కపెడుతున్న చెయ్యి ఇది. లెక్కపెట్టే మిషన్ కూడా వెంట తెచ్చాను, నొక్కితే అంకె మారుతుందే, అదే. హ్యాండిల్‌కి కట్టుకుని ప్రతి పెడల్ తిప్పుకీ ఒకటి నొక్కాను. గాలి ఆగిన దగ్గర్నుంచి మళ్ళీ కొట్టేదాకా వెయ్యిన్నాలుగు. తర్వాత గాలిలో తొమ్మిదివందల తొంభై ఎనిమిది. మళ్ళీ ఆగి వెయ్యి. ఐదుసార్లు లెక్కపెట్టాను. ప్రతిసారీ వెయ్యికి అటూ ఇటూ నాలుగైదు తేడా.

ప్రకృతిలో ఏదీ ఇంత గుండ్రంగా ఉండదన్నయ్యా. రక్తంలో కూడా ఉండదు.

గాలి ఆగినప్పుడు ముందు రోడ్డు మీద ఇసుకలో ఒక టైరు గీత కనిపిస్తుంది. సన్నగా, ఒక్కటే. ఈ గాలికి గీత అన్నది నిమిషం కూడా నిలవదు. నేను దగ్గరికి వెళ్ళేసరికి చెరిగిపోతుంది, మళ్ళీ అంత దూరంలో ఉంటుంది. ఇక్కడి కాపలా మనిషి నాకు నీళ్ళు పోస్తూ, "ముందెళ్ళినాయన నీళ్ళకి ఆగలేదేంటమ్మా? పిలిచినా పలకలేదు" అన్నాడు. నేను ఒక్కదాన్నే వచ్చానని చెప్తే నా ముఖం కేసి చూసి ఇంకో చెంబు నెత్తిన పోశాడు. వడదెబ్బ అనుకున్నట్టున్నాడు. నేనూ అలాగే అనుకుంటున్నాను. నువ్వేమంటావు?

పిచ్చుక

*

కొట్టు,
మార్చి 14.

పిచ్చుకకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చేతిలో రెంచి కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయానట. మీ వదిన వచ్చి "ఏంటండీ, నెత్తురు చుక్క లేదు ముఖంలో" అంది.

వెయ్యి లెక్క నీకెవరు చెప్పారు?

నేను చెప్పలేదు. నాన్నకి తెలీదు, అమ్మకి తెలీదు. అది నాకూ పెద్దన్నయ్యకీ మధ్య మాట. ఎదురుగాలిలో ఒకడు ముందు తొక్కి గాలి కాయాలి, రెండోవాడు వాడి వీపు చాటున రావాలి. ముందువాడికి ఊపిరే ఉండదు కాబట్టి లెక్క వెనకవాడు పెట్టాలి. వెయ్యి తిప్పులు కాగానే వెనకవాడు కేకేస్తాడు, "వెయ్యి అయింది, పక్కకి జరుగు" అని. ముందువాడు పక్కకి జరిగి వెనక్కి వెళ్తాడు, వాడు ముందుకొస్తాడు. అలా వంతులు. మన కొట్టు సైకిలు ఎడారి దాటిందని బోర్డు రాయించాలని బయల్దేరిన మొదటిరోజున పెద్దన్నయ్య పెట్టిన పద్ధతి అది.

చెప్పినట్టు విను. గాలి ఆగినప్పుడు దిగు. కూచో, నీళ్ళు తాగు. గాలి కొడుతున్నప్పుడే తొక్కు, ఎంత కష్టమైనా. గాలి ఆగింది కదా అని ఆ చాటున పోకు. చాటున పోయేవాడికి అలుపు తెలీదు, దాహం తెలీదు, ఎంత దూరం వచ్చాడో తెలీదు. ఆ గీత వెంట పోకు.

ఆరో ట్యాంకు దగ్గర ఎడమకి తిరుగు. కాళ్ళు పట్టుకుంటాను.

చిన్నన్నయ్య

*

ఐదో ట్యాంకు,
మార్చి 15.

చిన్నన్నయ్యకు,

నీ ఎనిమిదో తారీకు ఉత్తరం ఇక్కడ దొరికింది. చదివి ఒళ్ళు మండింది. దాచుకోవడం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నాను.

సముద్రం వైపు పోవాలా? ఎందుకు, నేను ఆడదాన్ననా? సులువు దారి వెతుక్కోవడానికి ఇంత దూరం వచ్చానా? గది పడిపోయి ఉంటుందని నీకెలా తెలుసు? ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా ఇటు వచ్చి చూశావా? రాలేదు. అమ్మ ఎన్నిసార్లు అడిగినా "మోకాలు" అన్నావు. లారీ ఎక్కడానికి మోకాలు దేనికి?

నాకు తెలుసులే నీ బాధ. అక్కడ ఒక రాయి పాతిస్తానని, దాని మీద పేరు చెక్కిస్తానని నాన్నకి మాటిచ్చావు. చేసి ఉండవు. అది నేను చూస్తానని నీ భయం. చూసినా నిన్నేమీ అనను. నేనే పాతిస్తాను.

నీ స్పేరు చక్రాన్ని ఇక్కడి కాపలాయనకి ఇచ్చేశాను. నీళ్ళ పైపు చుట్టుకోవడానికి భేషుగ్గా ఉందన్నాడు. నాలుగు కిలోల బరువు తగ్గింది, ప్రాణం లేచొచ్చింది. వెనక టైరు ఇప్పటికి ఆరుసార్లు పంక్చరైంది. నువ్వు అంత అపురూపంగా చూసుకునే ముందు చక్రానికి ముల్లు కూడా గుచ్చుకోలేదు.

కోపంగా,
పిచ్చుక

*

ఎనిమిదో ట్యాంకు,
మార్చి 21.

చిన్నన్నయ్యకు,

వచ్చేశాను. ఎడమకి తిరగలేదు. నీ పద్నాలుగో తారీకు ఉత్తరం ఏడో ట్యాంకులో అందింది.

అది చదివాక కోపమంతా పోయింది. ఒక గంట ఏడ్చాను, భయంతో కాదు. నువ్వు నన్ను భయపెట్టాలని రాశావు కానీ, నాకు తెలీనిదానికి పేరు చెప్పేశావు. వంతులు పంచుకుంటున్నది పెద్దన్నయ్యే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయినవాడు నన్ను గాలి తగలకుండా తీసుకెళ్తున్నాడు. నాకెందుకు భయం? నీకే ఎందుకో నచ్చలేదు. నిజం చెప్పు, నీ దగ్గరికి రాకుండా నా దగ్గరికి వచ్చాడని కుళ్ళా? సరదాకి అన్నాను.

ఇప్పుడు వంతులు కూడా లేవు. ఏడో ట్యాంకు దాటిన దగ్గర్నుంచి గాలి దాదాపు తగలడం లేదు. ఆయనే ముందుంటున్నాడు. నిన్న పదింటికి తూము దగ్గర ఆగాల్సింది, ఆగలేదు. ఆగితే ఆ చాటు పోతుందేమోనని. మూడింటి దాకా తొక్కుతూనే ఉన్నాను. దిగి చూసుకుంటే సీసాలు నిండుగా అలాగే ఉన్నాయి. ఒక్క గుక్క తాగలేదు. దాహం కూడా వెయ్యలేదు. సాయంత్రం వాంతులయ్యాయి, కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. ఇప్పుడు పరవాలేదు, ఎల్లుండి దాకా ఇక్కడే ఉంటాను.

సరే, అసలు సంగతి. గది ఎక్కడ?

ట్యాంకు ఉంది. రేకుల నీడ ఉంది. కాపలా తాత ఉన్నాడు, మొలకి పది తాళాలు వేలాడదీసుకుని. తెరవడానికి ఒక్క తలుపు లేని చోట అన్ని తాళాలెందుకో నాకు అర్థం కాలేదు. నీలం తలుపు గది అని అడిగితే నవ్వాడు. "ఇక్కడ గది ఎప్పుడూ లేదు తల్లీ. ముప్పై ఏళ్ళుగా నేనే ఉన్నాను" అన్నాడు. సైకిలు మీద వచ్చి జ్వరంతో పోయిన మనిషి గురించి అడిగాను. తాళాలు సర్దుకుంటూ, "జ్వరం సంగతి తెలీదు. ఒక సైకిలాయన మాత్రం ఇక్కణ్ణించి ముప్పై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర దొరికాడు. రాయికి ఆనుకుని కూచున్నాడు, ముఖం రోడ్డు కేసి పెట్టుకుని. ఒక్కడే ఉన్నాడు పాపం" అన్నాడు.

ముసలాయన, మతిమరుపు. వేరే ఎవరి సంగతో చెప్తున్నాడు. ఒక్కడే అంటాడేంటి, నువ్వున్నావుగా?

బహుశా నువ్వే ట్యాంకు నంబరు మర్చిపోయి ఉంటావు. తొమ్మిదోదా? పదోదా? రాయి. జవాబు తొమ్మిదో ట్యాంకుకు పంపు. ఇరవైమూడో తారీకు తెల్లారగానే బయల్దేరుతున్నాను. గాలి సంగతి బెంగలేదు, ఈసారి ఏకబిగిన తొమ్మిదికి చేరిపోతాను, మధ్యలో ఆగే పనే లేదు.

నీ పిచ్చుక

*

కొట్టు,
మార్చి 25.

పిచ్చుకా,

నువ్వు ఇరవైమూడున బయల్దేరతానన్నావు. ఈ ఉత్తరం రాసేసరికి రెండు రోజులైపోయింది. నువ్వు దీన్ని చదువుతావో లేదో కూడా తెలీదు. చదువుతున్నావంటే బతికి ఉన్నావని. అంతకంటే నాకేమీ అక్కర్లేదు, ఈ ఉత్తరం తర్వాత నా ముఖం చూడకపోయినా సరే.

గది లేదు. మంచం లేదు. నీలం తలుపు నేను పెట్టాను. ఊరొచ్చాక అమ్మ "ఎక్కడ పడుకోబెట్టావురా వాణ్ణి" అని అడిగితే నోటికొచ్చింది చెప్పాను. ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగేది, నేను ప్రతిసారీ ఒక వస్తువు చేర్చాను. ముందు మంచం, తర్వాత తలుపు, తర్వాత తడిగుడ్డ. చివరికి గది పూర్తయింది.

ఆ తాతకి మతి బాగానే ఉంది.

ఆ పొద్దున పెద్దన్నయ్యకి నలతగా ఉంది. తూము కనపడగానే ఆగుదామన్నాడు. నేను వద్దన్నాను. చీకటి పడకముందే తొమ్మిదికి చేరాలని నాకు పట్టుదల. పంతొమ్మిదేళ్ళు నాకు, కాళ్ళలో బలం ఉంది. మాటా మాటా పెరిగింది. "నువ్వు నా వెనకాలే రా, నేనే ముందుంటాను, నీ వంతు కూడా నేనే తొక్కుతాను" అని విసురుగా బయల్దేరాను. అంటే మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

కొంతసేపటికి వెనక నుంచి కేక వినపడింది. "వెయ్యి అయింది, పక్కకి జరుగు" అని. నేను జరగలేదు. వంతు నాది అన్నాక మళ్ళీ ఈ చాదస్తం ఏంటని చిరాకు. మళ్ళీ కేకేశాడు, ఈసారి దూరం నుంచి. వినపడింది. వినపడనట్టు ఇంకా గట్టిగా తొక్కాను. మూడోసారి రాలేదు.

వాడు వంతు కోసం పిలవలేదు. ఆగమని అడిగితే నేను ఆగనని వాడికి తెలుసు. లెక్క ప్రకారం పిలిస్తేనైనా పక్కకి జరుగుతానని, జరిగితే వెనక్కి చూస్తానని పిలిచాడు.

ఎప్పటికో వెనక్కి చూస్తే రోడ్డు ఖాళీగా ఉంది. ఇప్పుడు అసలు మాట రాస్తాను. ఇది మీ వదినకి కూడా తెలీదు. వెనక్కి తిరిగితే గాలి నా వీపు మీద ఉంటుంది, పెడల్ తొక్కక్కర్లేకుండా పావుగంటలో వాడి దగ్గరికి చేరేవాణ్ణి. వెళ్ళడానికి భయపడలేదు. వెళ్తే ఆ దారంతా మళ్ళీ ఎదురుగాలిలో తొక్కాలి కదా అని వెళ్ళలేదు. వాడే వస్తాడులే అనుకున్నాను. తొమ్మిదో ట్యాంకుకి పోయి నీళ్ళు తాగి, నీడలో కూచుని వాడి కోసం చూశాను. కూచున్నచోటే నిద్రపోయాను. తెల్లారాక రోడ్డువాళ్ళ లారీలో వెళ్ళాం.

"చెల్లిని చదివించు" అని వాడు అనలేదు. వాడు చివరిగా అన్న మాట నేను పైన రాసిందే.

వాడి సైకిలు ముందు చక్రం నడిమి హబ్బు ఇన్నేళ్ళూ కొట్టులో డబ్బాలో ఉంది. పారెయ్యలేకపోయాను, ఉంచుకోలేకపోయాను. నువ్వు ఆ దారినే పోతానంటే దాన్నే నీ ముందు చక్రానికి వేసి కట్టాను. మన కొట్టు పద్ధతి నీకు తెలుసు. చక్రం ఎవరు కడితే వాళ్ళు టైరు లోపల రిమ్ము టేపు మీద రాయాలి, విప్పినవాళ్ళు చదవాలి, కింద తమ మాట రాయాలి. చిన్నప్పుడు నువ్వు వాటిని కూడబలుక్కుని చదివేదానివి. ఆ టేపు మీద నేను రెండు ముక్కలు రాశాను. ఒకటి, "అన్న హబ్బు, కట్టింది తమ్ముడు." రెండు, "పిలిచాడు, నాకు వినపడింది." నోటితో చెప్పలేనిది అక్కడ పెట్టాను. పెట్టాక భయమేసి స్పేరు చక్రం కట్టాను.

దాని చాటున పోకు పిచ్చుకా. నీకు దాహం తెలీకుండా చేస్తున్నది ఎవరైనా సరే, పోకు. ఆగు.

చిన్నన్నయ్య

*

తొమ్మిదో ట్యాంకు,
మార్చి 30.

చిన్నన్నయ్యకు,

బతికే ఉన్నాను. నీ ఉత్తరం నిన్న అందింది. కానీ సగం సంగతి నాకు ఇరవైమూడునే తెలిసింది.

ఆ రోజు ఎనిమిదో ట్యాంకు నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి గాలన్నది లేదు. నేను తొక్కుతున్నానో లేదో కూడా తెలీదు. తూములు దాటిపోయాయి. ఎండ నడినెత్తిన ఉంది, చేతుల మీద చెమట కూడా లేదు. చెమట ఆగిపోతే ఏమవుతుందో నేను ల్యాబులో రోజూ రిపోర్టులు రాస్తాను. అయినా నా గురించి కాదన్నట్టే ఉంది. ముందు ఆ గీత ఒక్కటే కనిపిస్తోంది.

ముందు టైరు నెమ్మదిగా కూచుంది. పేలలేదు, ఈల కూడా వెయ్యలేదు. రిమ్ము రోడ్డుకి తగిలి దడదడమంటే దిగాను. దిగగానే గాలి చెంప పగిలేట్టు కొట్టింది. కాళ్ళు నిలవలేదు. పక్కనే రాయి ఉంటే దాన్ని పట్టుకుని కూలబడ్డాను. రాయి మీద ముప్పై ఒకటి అని ఉంది.

రెండు సీసాలు నీళ్ళు తాగాను. చాలాసేపటికి చేతులు పనిచేశాయి. స్పేరు చక్రం లేదు కాబట్టి టైరు ఊడదీశాను. ముల్లు లేదు. ట్యూబుని చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూశాను, చిల్లు లేదు. తర్వాత టేపు చదివాను. నీ చేతిరాత, కొట్టులో చిట్టీల మీద రాసినట్టే.

ఆ రాయి దగ్గరే నాలుగింటి దాకా కూచున్నాను. నీడ ఆ రాయంతే ఉంది, నేను అందులో ఒదిగాను. పెద్దన్నయ్య కూడా అలాగే ఒదిగి ఉంటాడు. ఆయన ముఖం రోడ్డు కేసి ఉందన్నాడు తాత. ఎటు కేసి చూస్తూ ఉన్నాడో నాకప్పుడు తెలిసింది. నువ్వు వెళ్ళిన వైపు.

అదే ట్యూబు పెట్టి గాలి కొట్టాను. నిలిచింది. ఈరోజుకీ తగ్గలేదు. అక్కడి నుంచి ఇక్కడికి రెండు రోజులు పట్టింది, ప్రతి అడుగూ ఎదురుగాలే. చాటు మళ్ళీ రాలేదు. ఇసుకలో గీత కూడా లేదు.

ఇక మనిద్దరి సంగతి. నువ్వు వెనక్కి వెళ్ళి ఉండాల్సింది. చిన్నవాణ్ణి, తెలీలేదు అని నీ తరఫున నేను చెప్పను. నిన్న నీ ఉత్తరం చదివాక సైకిలెక్కి వెనక్కి తిరిగాను, ఎలా ఉంటుందో చూద్దామని. నిజంగానే పెడల్ తొక్కక్కర్లేదు. పావుగంట పోయి దిగాను. తిరిగి ట్యాంకుకి రావడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మని తలుచుకుని తిట్టాను. ఆవిడ ఎక్కడా లేని మంచానికి దుప్పటి కప్పుతూ పోయింది.

"చెల్లిని చదివించు" అన్నది పెద్దన్నయ్య మాట కాదని చదివినప్పుడు నాకు కాళ్ళ కింద నేల లేనట్టయింది. ఇంతా చదివింది ఎవరి కోసం? తర్వాత అనిపించింది. ఆయన అనకపోతే నువ్వు అన్నావన్నమాట. అని ఊరుకోలేదు, కొట్టులో రాత్రింబవళ్ళు కూచుని ఫీజులు కట్టావు. ఆ సంగతి కోపంలో కూడా మర్చిపోలేను. రెండూ నిజమే, ఏం చెయ్యాలో నాకు తెలీదు.

కానీ ఒక్కటి నాకు మింగుడు పడలేదు. టేపు మీద రెండు ముక్కలు రాశానన్నావు. నేను చదివింది మూడు. మూడోది నీ రెండింటి కిందే ఉంది. పెన్సిలుతో, నీ రాత కంటే కొంచెం పెద్దగా, ఎడమకి వాలి ఉంది. "వెయ్యి అయింది, పక్కకి జరుగు" అని. ఆ రోజు నాకు అర్థం కాలేదు. నీ ఉత్తరంలో ఆ కేక సంగతి చదివాక అర్థమైంది, ఒళ్ళు మండింది. ఆయన మాట ఆయన పోయాక నీకు నువ్వే చెప్పుకుంటావా? ఇరవై రెండేళ్ళు గాలి కాశాను, ఇక చాలు అని నిన్ను నువ్వే వదిలేసుకుంటావా? అది అనాల్సింది నువ్వు కాదన్నయ్యా. నేను కూడా కాదు.

పద్ధతి ప్రకారం విప్పినదాన్ని కాబట్టి దాని కింద నేనూ ఒక ముక్క రాశాను. "విప్పింది చెల్లెలు. ఇక్కడ ఆగింది."

నీరసం ఇంకా తగ్గలేదు. పదో తారీకు దాకా ఇక్కడే ఉంటాను.

పిచ్చుక

*

కొట్టు,
ఏప్రిల్ 3.

పిచ్చుకా,

నువ్వు బతికి ఉన్నావు. ఆ మొదటి మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మీ వదిన ఉత్తరం లాక్కుని మిగతాది పైకి చదివింది. నా పాత ఉత్తరం సంగతి కూడా అలాగే తెలిసిపోయింది. లోపలికెళ్ళి నా సంచీ తెచ్చి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

నువ్వు తిట్టిందంతా సబబే. ఒక్క తిట్టు తప్ప.

నేను రాసింది రెండు ముక్కలే. పెన్నుతో రాశాను. మన కొట్టులో పెన్సిలు లేదు, గ్రీజు చేతులకి చెరిగిపోతుందని నాన్న రోజుల్లోనే మానేశాం. ఆ మాట నాకు నేను ఎలా రాసుకుంటాను? ఇరవై రెండేళ్ళుగా చెవులు రిక్కించి వింటున్నది దాని కోసమే. చక్రం బెండు తీస్తున్నప్పుడు, కొట్టు కట్టేస్తున్నప్పుడు, వెనక ఎవరు పిలిచినా ఉలిక్కిపడేది దానికే. ఎడమకి వాలి రాసేది మన ఇంట్లో ఒక్కడే. నీకు గుర్తుండదు, నువ్వు చిన్నపిల్లవి.

కొట్టుకి తాళం వేశాను. పెన్షన్ మాస్టారు పెడల్ అలాగే ఉంది. రేపు పొద్దున పట్నానికి బయల్దేరుతున్నాను, అక్కడ మీసాలాయన లారీ ఎక్కుతాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో, నేను ముందు చేరతానో తెలీదు. అందుకే చెప్తున్నాను, ముందు చక్రం విప్పకు. పంక్చరైనా విప్పకు, ఎవరడిగినా చూపించకు. నేను వచ్చి నా చేత్తో విప్పి చదువుకుంటాను.

చిన్నన్నయ్య